పట్టా కప్పాక బ్రేక్ లైట్లు కనిపించడం లేదు, మీరెలా కడుతున్నారు?

పల్నాడు_రైతు
మాది బొలెరో పికప్. మొన్న గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) తీసుకెళ్తూ, మబ్బు పట్టిందని పట్టా కప్పి, వెనక అంచు ఛాసిస్ దాకా లాగి తాడు బిగించాను. చిలకలూరిపేట దాటాక ఒక కారాయన పక్కకొచ్చి అద్దం దించి, "మీ బ్రేక్ లైటు అస్సలు కనపడట్లేదండీ, రెండుసార్లు గుద్దబోయాను" అన్నారు. ఆపి చూస్తే రెండూ వెలుగుతూనే ఉన్నాయి, పట్టా కింద! అప్పటినుంచి ఒకటే టెన్షన్. దీనికి రూలేంటి? మీరెలా కడుతున్నారు?

ఖమ్మం_లోడుబండి
అన్నా, వెనక డోరు మీదుగా పట్టాని కిందిదాకా లాగొద్దు. డోరు సగంలోనే అంచుని లోపలికి మడిచి, ఆ మడత మీదుగా తాడు పోనిచ్చి కొక్కేలకి బిగించు. మూలలు మాత్రం జాగ్రత్త. బండి ఆగి ఉన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. అరవైలో పోతుంటే గాలికి మూల ఊడి సరిగ్గా లైటు మీదే కొట్టుకుంటుంది. నేను రెండు మూలలకీ విడిగా సన్న తాళ్లు వేస్తా.
గడ్డి లోడు ఇంకా కష్టం. కుదుపులకి దిగిపోయి వెనక్కి వేలాడుతుంది. ఖమ్మంలో బాగా కనిపించిన లైటు సూర్యాపేట వచ్చేసరికి కనిపించదు. అందుకే టీకి ఆపిన ప్రతిసారీ వెనక్కెళ్లి చూస్తా.

ఎఫ్‌సీ_పనులు
రూలు ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 105వది చూడండి. వెనక ఎర్ర లైట్లు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. నంబరు ప్లేటు మీద తెల్ల లైటు పడి, 15 మీటర్ల నుంచి చదవగలిగేలా ఉండాలి. పట్టా వేలాడితే ముందు మూసుకుపోయేది ఆ ప్లేటే. బ్రేక్ లైట్ల సంగతి 102లో ఉంది. "బల్బు వెలుగుతోంది కదా సార్" అని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌తో వాదించేవాళ్లని చాలామందిని చూశాను. వెనక వచ్చేవాడికి కనిపించని లైటు ఎంత వెలిగినా ఏం లాభం?
లోడే బాడీ దాటి పరిమితికి మించి బయటికొస్తే అది వేరే కేసు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194(1ఎ) సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, దించే ఖర్చు కూడా మనదే.

ఆటో_ఎలక్ట్రీషియన్
ఇంకో మాట. చాలా బళ్లలో వెనక బల్బుకి రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్లది రాత్రి లైటుకి, 21 వాట్లది బ్రేకుకి. పెద్దది మాడిపోయినా చిన్నది వెలుగుతుంది కాబట్టి డ్రైవరు అంతా సరిగ్గానే ఉందనుకుంటాడు. పట్టా కింద ఉంటే అసలు ఎవరూ గమనించరు. ఎర్ర రేడియం స్టిక్కరు ఉంది చాలు అనేవాళ్లకి కూడా చెబుతున్నా, అది బండి ఉందని చూపిస్తుంది గానీ బ్రేకు వేశారని చెప్పదు.

నల్గొండ_అక్క
మా తమ్ముడు బైకు మీద వస్తూ పత్తి లోడు బండిని వెనకనుంచి గుద్దాడు. బండి ఆగుతోందనే తెలియలేదట. మెడ దగ్గర ఎముక విరిగి రెండు నెలలు మంచం మీదే ఉన్నాడు. అరవై స్పీడులో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. ఆ ఒక్క సెకను ముందు ఎర్ర లైటు కనిపించి ఉంటే ఆగేవాడు. దయచేసి కట్టాక వెనక్కొచ్చి చూడండి అన్నా.

పల్నాడు_రైతు
అక్కా, మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలి. నిన్న రాత్రి ఖమ్మం అన్న చెప్పినట్టే మడిచి కట్టాను. మా అబ్బాయిని బ్రేకు మీద కాలు పెట్టమని, రోడ్డు మీద దాదాపు రెండు వందల అడుగులేసి వెనక్కి తిరిగాను. కుడిది బాగా కనిపించింది. ఎడమది సగమే. మూల మళ్లీ విప్పి కట్టాను, బల్బు కూడా మార్పించాను. ఇవాళ మధ్యాహ్నం బయలుదేరుతున్నాం.