హిజాబ్‌ని 'ముసుగు' అనొచ్చా?

ఒక అనువాదం చేస్తూ ఆగిపోయాను. ఇబ్తిహాజ్ ముహమ్మద్ గురించిన పేరా అది. 2016 రియో ఒలింపిక్స్‌లో హిజాబ్‌తో పోటీపడ్డ తొలి అమెరికన్. సేబర్ కత్తి ఆటలో వాళ్ల జట్టుకి కాంస్యం వచ్చింది. ఆ ఆటలో అందరి ముఖానికీ జాలీ ముసుగు ఉంటుంది కదా, పోటీ అయ్యాక తీస్తారు. నేనేమో అప్పటిదాకా హిజాబ్‌ని 'ముసుగు' అని రాసుకుంటూ వచ్చాను. తీరా 'ముసుగు తీసింది' అని రాయాల్సి వచ్చేసరికి, ఏది తీసినట్టు?

మనకి ముసుగంటే ముఖమో ఒళ్లంతానో కప్పేది. ముసుగు తన్ని పడుకుంటాం, అంతవరకూ బాగానే ఉంది. మిగతావన్నీ దొంగ వ్యవహారాలే: ముసుగు దొంగలు, సేవ ముసుగులో దందా, ముసుగులో గుద్దులాట. ముఖం నిక్షేపంగా కనబడుతున్న మనిషికి ఆ మాట తగిలిస్తే, ఏదో దాస్తోందని మనమే అన్నట్టుంది.

— 'పరదా' అనొచ్చు కదండీ? ఖురాన్‌లో 'హిజాబ్' అంటే అసలు తెర, అడ్డు. ఆడవాళ్ల తలవస్త్రానికి అక్కడ వాడిన మాట 'ఖిమార్'.

— అర్థం కుదురుతుంది గానీ మాస్టారూ, మన చెవికి పరదా, ఘోషా అంటే గడప దాటకపోవడమే. విశాఖలో ఘోషాసుపత్రి ఉండనే ఉంది. ఇల్హాన్ ఒమర్ 2019 జనవరిలో హిజాబ్‌తోనే అమెరికా ప్రతినిధుల సభలో అడుగుపెట్టారు. సభలో టోపీ పెట్టకూడదని 1837 నుంచీ ఉన్న నిబంధనని, మతపరమైన తలవస్త్రాలకి ఆ నెలలోనే సడలించారు. ఆవిడ పరదాలో ఉందని ఎలా రాయను?

— అక్కా, మాది నెల్లూరు, ఇప్పుడు డాలస్. మేం స్కార్ఫ్ అనే అంటాం. గడ్డం కింద ఒక పిన్ను, చెవి పక్కన ఒకటి, అంతే. పేపర్లు 'ధరించిన' అంటాయి గానీ ఇంట్లో ఎవరూ ధరించరు, కట్టుకుంటారు. ఇక్కడా మాటతో తంటానే. 2008లో తల్సాలో సమంతా ఎలాఫ్ అనే అమ్మాయికి నల్ల స్కార్ఫ్ వల్ల బట్టల షాపులో ఉద్యోగం ఇవ్వలేదు. కంపెనీ రూల్లో ఉన్న మాట 'క్యాప్'. స్కార్ఫ్‌నీ ఆ లెక్కలోనే వేశారు! 2015లో అమెరికా సుప్రీంకోర్టు 8-1తో ఆమె వైపు నిలిచింది.

— 'కట్టుకున్న' తీసేసుకుంటున్నానమ్మా, థాంక్స్. 'హిజాబ్' అలాగే ఉంచేస్తాను. ఇంకో చిక్కుంది. అదే వ్యాసంలో గజాలా హష్మీ కూడా ఉన్నారు. 1964లో హైదరాబాద్‌లో పుట్టారు, 2025 నవంబర్లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అమెరికాలో రాష్ట్రమంతా ఓటేసే పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ. ఆవిడ తలకి ఏమీ కట్టుకోరు. నాకిచ్చిన తెలుగు శీర్షిక మాత్రం 'ముసుగు వెనుక మహిళలు'. మార్చమని ఎడిటర్‌కి మెయిల్ పెట్టి మూడు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు.