"తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి": ఎవరు ఎవరితో తన్నుకోవాలి?

నిన్న ఒకరు ఈ మాటకి అర్థం అడిగితే చాలామంది "నిర్ణయం అయిపోయింది, ఇక మీలో మీరు కొట్టుకోండి" అని రాశారు. వాడుకలో అర్థం అదే. ఆఫీసులో డెడ్‌లైన్ చెప్పేసి ఈ మాట అంటారు, అందరం నవ్వుతాం. కానీ అది పుట్టిన చోట పెట్టి చూస్తే నాకు ఆ అర్థం కుదరడం లేదు.

కన్యాశుల్కం నాటకం, రెండో అంకం. మొదటిసారి ఆడింది 1892లో, విజయనగరంలో. మనం ఇప్పుడు చదివేది 1909లో గురజాడ పెంచి రాసిన ప్రతి. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి డబ్బు పుచ్చుకుని ఇస్తానంటాడు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే విధవై ఇంట్లో ఉంది. భార్య వెంకమ్మ వద్దంటుంది, నూతిలో పడతానంటుంది. బావమరిది కరటకశాస్త్రి అడ్డుపడతాడు. అప్పుడు వస్తుంది ఈ మాట.

మరి తన్నుకోవాల్సింది ఎవరు? వెంకమ్మా, ఆవిడ తోడబుట్టినవాడూ ఒకే పక్షం కదా!

"తన్నుకు" అంటే తన్నుకొని. ఈ "కొను" చేరితే ఒకరినొకరు అన్న అర్థం వస్తుంది, తనకు తానే అన్న అర్థమూ వస్తుంది. ఒడ్డున పడ్డ చేప గిలగిలా తన్నుకుంటుంది. అది ఎవరితోనూ పోట్లాడదు. నాకు ఇక్కడ వినిపించేది ఆ తన్నుకోవడమే.

"ఇచ్చాను" కాదు, "ఇచ్చేశాను". ఇక వెనక్కి తీసుకునేది లేదని ఆ క్రియే చెప్పేస్తోంది. ఇచ్చేది తండ్రి, పుచ్చుకునేది ముసలి వరుడు. సుబ్బి ఆ వాక్యంలో లేదు. కన్నతల్లికి దక్కిన చోటు "చావండి"లోని ఆ "అండి" మాత్రమే.

ఇది కేవలం వేళాకోళం కోసం రాసిన నాటకం కాదు. 1897 నాటి ముందుమాటలో గురజాడ విశాఖ జిల్లా లెక్కలు ఇచ్చారు: మూడేళ్లలో 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్లు. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ ఆడది అనగానే ఏడుపు, నూతిలో పడతానని బెదిరింపు. గురజాడ కూడా ఆ మూసలోనే రాశారు కదా?

జవాబు: మూస నిజమేనండీ. అగ్నిహోత్రావధాన్లు కూడా అలాగే అనుకుంటాడు, ఆడవాళ్లు అంటారులే అని. కానీ ఆ అంకం ముగిసేది ఏ మాటతో? "అమ్మ నూతిలో పడిందర్రా" అన్న కేకతో. ఆవిడ అన్నంత పనీ చేసింది. తండ్రి మాట సామెత అయి ఊరూరా తిరుగుతోంది, ఆ కేక మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది. నాకు బాధ అక్కడే.

కాలేజీలో నేను వెంకమ్మ వేషం వేశాను. మొదటిరోజు అగ్నిహోత్రావధాన్లు వేషం వేసిన అబ్బాయి ఈ డైలాగు చేతులు ఊపుతూ గట్టిగా అన్నాడు. హాలంతా ఈలలు, చప్పట్లు. అవి ఆగేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను, ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తరవాత తెర వెనకనుంచి నూతి కేక వస్తే ముందు వరసలో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

రెండోరోజు ఆ అబ్బాయినే బతిమాలాను. అతను నావైపు చూడకుండా, కండువా దులిపి భుజాన వేసుకుంటూ, మామూలు గొంతుతో అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆరోజు కేక చివరి వరసదాకా వినబడింది.