ఉద్యోగం చేస్తూ అద్దె కోసం ఫ్లాటు కొన్నవారి అనుభవాలు (హైదరాబాద్)

మియాపూర్ ఉద్యోగి:
నమస్కారమండి. నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. మేముంటున్న ఇల్లు సొంతదే, దాని మీద అప్పు లేదు. ఇప్పుడు అద్దెకివ్వడానికే ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొనాలని, 70 లక్షల వరకు పెట్టవచ్చునని అనుకుంటున్నాను. వచ్చే అద్దెతోనే బ్యాంకు ఈఎంఐ చాలావరకు తీరిపోతుందని మధ్యవర్తులు చెబుతున్నారు. ఉద్యోగం చేసుకుంటూ ఇల్లు అద్దెకిస్తున్నవారు అసలు లెక్క ఎలా ఉంటుందో, దానికి ఎంత సమయం కేటాయించవలసి వస్తుందో దయచేసి చెప్పండి.

ఉప్పల్ యజమాని:
ఈఎంఐ తీరిపోతుందన్న మాటను ముందు పక్కన పెట్టండి. 70 లక్షల ఫ్లాటుకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు ఇవ్వగలిగేది గరిష్ఠంగా 80 శాతం, అంటే 56 లక్షలు. మిగిలిన 14 లక్షలతో పాటు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మరో 5.25 లక్షలు కూడా మీ చేతి నుంచే పెట్టుకోవాలి. ఆ 56 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల గడువు పెట్టుకుంటే ఈఎంఐ నెలకు సుమారు 48,600 రూపాయలు అవుతుంది. అద్దె 20,000 వస్తుందనుకున్నా, ప్రతి నెలా 28,600 మీ జీతంలోంచి వెళుతుంది. ఏటా అద్దె కొంత పెరిగినా ఈ తేడా చాలా ఏళ్లు ఉంటుంది. ఉద్యోగం పోయినా ఆరు నెలల ఈఎంఐ కట్టగలిగే సొమ్ము విడిగా ఉంచుకోకుండా ఈ పనికి దిగవద్దని నా గట్టి అభిప్రాయం.

నల్లగండ్ల నుంచి:
కాగితాల సంగతి ఎవరూ తేలికగా తీసుకోకూడదు. మన నగరంలో ఐదు అంతస్తులకు అనుమతి తీసుకొని పైన మరొకటి వేసిన భవనాలు తక్కువేమీ కావు, ఆ పై అంతస్తులో ఫ్లాటు చవకగా దొరకడానికి కారణం కూడా అదే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం అనుమతి ప్రకారమే కట్టారని, నివాసానికి తగినదని ఇచ్చే పత్రం), మంజూరైన ప్లాను, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్టులు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) అన్నీ మీకు సంబంధించిన న్యాయవాదికే చూపించండి, అమ్మేవారు తెచ్చిన న్యాయవాదికి కాదు. దగ్గరలో చెరువు ఉంటే స్థలం దాని ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) పరిధిలోనో, ఆ హద్దు చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్‌లోనో ఉందేమో తప్పక చూడాలి. 2024 జులైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడిన తరువాత జరిగిన కూల్చివేతలను మనమందరం చూశాం కదా. ఇంకొక విషయం, ధర 50 లక్షలు లేదా అంతకు మించితే కొనేవారే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. అమ్మేవారు ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క చెల్లదు, మినహాయించవలసిన మొత్తం బాగా ఎక్కువగా ఉంటుంది కనుక ముందే ఆడిటరును కలవండి.

కూకట్‌పల్లి నుంచి:
శ్రమ గురించి అడిగారు కనుక చెబుతున్నాను. మా ఫ్లాటు వ్యవహారాలన్నీ ఉద్యోగం చేస్తూ నేనే చూసుకుంటున్నాను. మామూలు నెలల్లో పెద్ద పనేమీ ఉండదు, పని అంతా అద్దెకున్నవారు మారేటప్పుడే వచ్చి పడుతుంది. స్కూళ్లు తెరిచే ముందు, అంటే ఏప్రిల్, మే నెలల్లో కుటుంబాలు ఇళ్లు వెతుక్కుంటాయి. ఆ సమయం దాటిపోయి ఆషాఢం వచ్చిందంటే టు-లెట్ బోర్డు చూసి వచ్చినవారు కూడా శ్రావణంలో చేరతామంటారు. అద్దె రాని ఆ నెలల్లోనూ ఈఎంఐ, మెయింటెనెన్స్ ఆగవు కనుక ఏడాదికి పదకొండు నెలల అద్దెనే లెక్కలోకి తీసుకోండి. ఒకసారి పై ఫ్లాటు బాత్‌రూమ్ నుంచి నీరు దిగి మా వంటింటి స్లాబుకు చెమ్మ పట్టింది. మరమ్మతు ఎవరు చేయించాలన్న మాట ఫ్లాటు యజమానుల సంఘంలో తేలేసరికి అద్దెకున్నవారు విసిగి ఖాళీ చేసి వెళ్లిపోయారు. అందుకే ఆఫీసుకో, ఉంటున్న ఇంటికో దగ్గరలోనే కొనండి, ప్లంబరుతో పాటు మీరూ వెళ్లి నిలబడగలగాలి.

మియాపూర్ ఉద్యోగి:
అందరికీ కృతజ్ఞతలు. వడ్డీ మీద పన్ను మినహాయింపు వస్తుంది కనుక ఆ 28,600 భారం తగ్గుతుందని మా సహోద్యోగి అంటున్నారు, నిజమేనా?

ఉప్పల్ యజమాని:
అది మీరు ఎంచుకున్న పన్ను విధానాన్ని బట్టి ఉంటుంది. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తి పన్ను, మిగిలినదానిలో 30 శాతం, ఆపైన వడ్డీ తీసివేస్తారు కనుక మొదటి సంవత్సరాల్లో అద్దె మీద పన్ను పడకపోవచ్చు. తీసివేయగా వచ్చిన నష్టాన్ని పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు, కొత్త విధానంలో ఆ వీలు లేదు. మీరు కొత్త విధానంలో ఉంటే ఆ ఆశ పెట్టుకోకండి.

కూకట్‌పల్లి నుంచి:
ఒప్పందం గురించి కూడా ఒక మాట. అద్దె ఒప్పందాన్ని సాధారణంగా 11 నెలలకే రాసుకుంటారు. మన దగ్గర అడ్వాన్సు సాధారణంగా రెండు నెలల అద్దె ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం దానిలోంచి ఎంత తగ్గిస్తారో ముందే రాసుకోకపోతే చివర మాటలు పెరుగుతాయి. తాళాలు ఇచ్చే రోజున కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి, ఫ్యాన్లు, లైట్లు, గీజర్ల జాబితా మీద ఇద్దరూ సంతకాలు చేసి, దానిని ఒప్పందానికే జతపరచండి.