వానాకాలంలో కుక్కకు ఆగని దురద: ముందుగా ఏమి చూడాలి?

ప్రశ్న (రాజోలు నుంచి)

కొబ్బరితోటలో ఉన్న మా ఇంట్లో పెరుగుతున్న లాబ్రడార్, వానలు మొదలైనప్పటి నుంచి తోక మొదలును, నడుము వెనుక భాగాన్ని విడవకుండా కొరుక్కుంటోంది. అక్కడ బొచ్చు రాలి, చర్మం ఎర్రబడి చెమ్మగిల్లుతోంది. పిడుదులు కనబడలేదు. రోజూ పంటకాలువలో ఈదుతుంది. పెరుగన్నం, ఉడికించిన చేపలు తింటుంది. కొబ్బరినూనెలో వేపాకు, పసుపు కాచి రాస్తున్నా ఉపశమనం లేదు. రాత్రిళ్లు అది పడే బాధ చూడలేకపోతున్నాము. మనుషులు వాడే సెట్రిజిన్ ఇవ్వవచ్చునా?

జవాబు 1 (భీమవరం నుంచి)

అయ్యా, దురద తోక మొదట్లో ఉందంటే ముందుగా అనుమానించవలసింది ఫ్లీలను, అంటే బొచ్చులో దూకుతూ తిరిగే గోధుమరంగు చిన్న పురుగులను. వాటి లాలాజలం పడని కుక్కకు కొద్దిపాటి కాట్లు చాలు, రోజుల తరబడి దురద వేధిస్తుంది. పైగా అది తనను తాను కొరుక్కుంటూ పురుగులను మింగేస్తుంది కనుక మనకు ఒక్కటీ కనబడకపోవచ్చు. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని రజనును తడి తెల్లగుడ్డపై వేసి చూడండి. అది ఎర్రగా కరిగితే, పురుగులు విసర్జించిన రక్తమే.

కుక్క ఒంటిమీద ఉండే పెద్ద పురుగులు మొత్తం సంతతిలో సుమారు 5 శాతమే. మిగిలినవి గుడ్లుగా, లార్వాలుగా, గూళ్లలోని ప్యూపాలుగా పడకలోను, చెట్ల నీడలోని చెమ్మ నేలలోను ఉంటాయి. కోనసీమ తోటల నీడ, తేమ వాటికి ఎంతో అనుకూలం. అందువల్ల పశువైద్యుడు బరువును బట్టి ఇచ్చే, ఫ్లీలను చంపే ఫ్లూరలానర్ లేదా అఫాక్సోలానర్ మాత్రతో పాటు, పడకగుడ్డలను వేడినీటిలో ఉతకడం, ఇంట్లోని ఇతర జంతువులకు కూడా మందు వాడటం తప్పనిసరి. గూళ్లలోని పురుగులు ఆలస్యంగా బయటికి వస్తాయి కాబట్టి కొన్ని నెలలు కొనసాగించాలి. పిల్లి ఉంటే, కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందును దానికి ఎంతమాత్రం తగలనివ్వకండి. అది పిల్లి ప్రాణం తీయగలదు.

జవాబు 2 (అమలాపురం నుంచి)

పై మాటతో ఏకీభవిస్తూ నూనె విషయం చెబుతాను. చెమ్మగిల్లిన చర్మంపై నూనె రాయడం వెంటనే మానండి. కొవ్వు పదార్థాలపై బతికే మలసీజియా అనే ఈస్టుకు (చర్మంపై పెరిగే ఒక సూక్ష్మ శిలీంధ్రానికి) అది మేతే అవుతుంది. ముక్కవాసన, జిడ్డు, నల్లబడిన చర్మం దాని గుర్తులు. పుండు మానేదాకా కాలువలో ఈదనివ్వకండి, తడిస్తే లోపలి బొచ్చు వరకు ఆరబెట్టండి, చెవులు కూడా చూడండి. డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక షాంపూ ఇస్తే, నురుగును 10 నిమిషాలు ఒంటిపై ఉంచి కడగాలి.

సెట్రిజిన్ కుక్కల దురదకు అంతగా పనిచేయదు. పారాసెటమాల్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మాత్రలు మాత్రం ప్రమాదకరం. ఇంట్లో మనుషులకూ దురద పొక్కులు లేస్తుంటే గజ్జి అయి ఉండవచ్చు, అది డాక్టరుకు చెప్పండి.

జవాబు 3 (తణుకు నుంచి)

ఫ్లీలను అదుపు చేశాక కూడా పాదాలు, చెవులు, చంకలు దురద పెడుతుంటేనే ఆహారం వైపు వెళ్లండి. అంతవరకు ఇది మార్చి అది మార్చి చూడటం అయోమయమే. పరీక్షగా ఇది వరకు తినని మాంసంతో కనీసం 8 వారాలు పెట్టి, తరువాత పాత ఆహారం తిరిగి ఇచ్చి చూడాలి. మన ప్రాంతంలో కుక్కలు చేపలు, పెరుగు తింటూనే పెరుగుతాయి కనుక చేప ఆహారం మీకు ఆ పరీక్షకు పనికిరాదు.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. దువ్వి చూశాము; పురుగు ఒక్కటీ దొరకలేదు గాని, రజను తడిగుడ్డపై ఎర్రగా కరిగింది. నూనె ఆపాము. రేపు పశువుల ఆసుపత్రిలో బరువు చూపించి, పిల్లికి వేరుగా మందు అడుగుతాము.