ఎనిమిది నెలల అవసరానికి చవక పాత కారు కొని మళ్ళీ అమ్మేయడం సరైన నిర్ణయమేనా?

బాటసారి:
ఉద్యోగరీత్యా ఎనిమిది నెలలు వేరే ఊళ్ళో ఉండవలసి వచ్చింది. పనివేళలు బస్సులకూ రైళ్ళకూ కుదరవు కాబట్టి కారు తప్పదు. నెలవారీ అద్దెకు తీసుకోవడమా, పన్నెండేళ్ళ నాటి చవక కారు ఒకటి కొని వెళ్ళేటప్పుడు అమ్మేయడమా అన్నది నా ముందున్న ప్రశ్న. నేను రెండో దారివైపే మొగ్గుతున్నాను. కొత్త కారు విలువ మొదటి కొన్నేళ్ళలోనే బాగా పడిపోతుంది, తరువాత ఆ తగ్గుదల మందగిస్తుంది, పదేళ్ళు దాటాక ధరను ఎక్కువగా నిర్ణయించేది వయసు కాదు, బండి ఉన్న స్థితి. పడవలసిన ధర మునుపటి యజమానుల చేతుల్లోనే పడిపోయింది కనుక ఎనిమిది నెలల్లో నేను పోగొట్టుకునేది స్వల్పమే అవుతుందని నా లెక్క. అద్దెగా కట్టిన సొమ్ము మాత్రం తిరిగి రాదు. కానీ నా మిత్రులిద్దరు "కొనడం తేలికే, వదిలించుకోవడమే కష్టం" అని గట్టిగా వారిస్తున్నారు. ఎవరి మాట సరైనదో కారణాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పద్దులు:
బాటసారి గారూ, మీ మిత్రులు చెప్పిందే నిజమని నా అభిప్రాయం. మీరు విలువ తగ్గుదల ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకున్నారు. వ్యాపారి దగ్గర మీరు కొన్న కారునే మర్నాడు అదే వ్యాపారికి అమ్మజూపితే అదే ధర రాదు. ఆ తేడాకు తోడు కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ యజమాని పేరు మార్పు, బీమా, కొన్న వెంటనే తప్పనిసరిగా చేయించవలసిన మరమ్మతులు ఉంటాయి. ఈ ఖర్చుల్లో చాలావరకు కారు ధరతో పాటు తగ్గవు. నాలుగు టైర్లు, ఒక బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు మార్చాలంటే చవక బండికైనా దాదాపు అంతే అవుతుంది, అందువల్ల బండి ఎంత చవకైతే దాని ధరలో ఈ ఖర్చుల వాటా అంత పెద్దదవుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైన చిక్కు మరొకటి ఉంది. ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల సంతనే ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. ఆ కోవలోని పరిశోధనకు 2001లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. బండిలోని లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, అందుకని కొనేవాడు సగటు ధరకు మించి ఇవ్వడు, ఆ ధర గిట్టక మంచి బండ్ల యజమానులు అమ్మకం నుంచి తప్పుకుంటారు, చివరికి సంతలో నాసిరకం బండ్లే ఎక్కువగా మిగులుతాయి అన్నది ఆయన వాదన. మీరు ఈ చిక్కును రెండు వైపుల నుంచీ అనుభవిస్తారు. కొనేటప్పుడు లోపం దాచిన బండి మీకు అంటగట్టవచ్చు. అమ్మేటప్పుడు బండి నిజంగా మంచిదే అయినా, "కొని ఎనిమిది నెలలే కదా, ఇంత త్వరగా ఎందుకు వదిలించుకుంటున్నారు?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. పైగా మీరు ఊరు విడిచే తేదీ ఖాయం. ఆ సంగతి తెలిసినవాడు చివరి వారం దాకా ఆగి బేరమాడతాడు.

పానా:
చాలా ఏళ్ళుగా బండ్లు బాగుచేస్తున్నవాడిగా ఒక మాట చెప్పదలచాను. పద్దులు గారు చూపిన చిక్కు నిజమే, అయితే దానికి విరుగుడు ఉంది. కొనేవాడికి తెలియనిది తెలిసేలా చేయడమే ఆ విరుగుడు. అది మీరు కొనే రోజునే మొదలుపెట్టాలి.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో తిరిగి అమ్మే ఉద్దేశంతో నేనే ఒక కారు కొన్నాను. నేను వెళ్ళేసరికి ఇంజను వేడిగా ఉంది. ఇప్పుడే బజారుకు వెళ్ళివచ్చామని అమ్మే ఆయన చెప్పారు. బండి శుభ్రంగా నడిచింది. మర్నాడు ఉదయం చల్లటి ఇంజనును నా ఇంటి ముందు స్టార్టు చేస్తే ఒక నిమిషం పాటు నీలిరంగు పొగ వచ్చింది: వాల్వు సీళ్ళు అరిగిపోయి, రాత్రంతా ఆయిలు కిందికి దిగి, తెల్లారి కాలుతోందన్నమాట. ఆ లోపం చెప్పకుండా అమ్మడానికి మనసొప్పలేదు, చెబితే అడిగినవాళ్ళు వెనక్కి తగ్గారు, అలా నెలల తరబడి అది నా దగ్గరే ఉండిపోయింది. అప్పటి నుంచి బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని తెలుసుకోనిదే తాళంచెవి తిప్పను. నీలిరంగు పొగ అయితే ఆయిలు కాలుతున్నట్టు, నల్లటిదైతే ఇంధనం ఎక్కువ పోతున్నట్టు. తియ్యటి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజనును చల్లబరిచే ద్రవం (కూలెంట్) సిలిండర్లోకి చేరుతున్నట్టు, అలాంటి బండిని తాకకండి.

ఇంజనులో పిస్టన్లు, వాల్వులు ఒకదానితో ఒకటి కుదిరి కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ సంగతి అందరూ మరిచిపోతారు. గొలుసు కాకుండా రబ్బరు బెల్టు ఉన్న ఇంజన్లలో చాలావాటికి 1,00,000 నుంచి 1,60,000 కిలోమీటర్ల మధ్యలో, లేదా నిర్ణీత సంవత్సరాలకు, దాన్ని మార్చాలి. అది తెగితే అనేక ఇంజన్లలో పిస్టన్లు వాల్వులకు తగిలి అవి వంగిపోతాయి, అప్పుడు మరమ్మతు ఖర్చు చవక బండి ధరనే దాటిపోవచ్చు. మార్చామన్న మాట చాలదు, రసీదు కావాలి. ఆ రసీదు ఎనిమిది నెలల తరువాత మీ చేతిలో ఉంటే మీ బండి మిగతావాటికన్నా ముందు అమ్ముడవుతుంది.

స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు బండి కంప్యూటరు నమోదుచేసిన లోపాల సంకేతాలను చదివే స్కానర్ పెట్టించండి. ఎర్రర్ కోడ్‌లు లేవని చూపగానే సంతోషించవద్దు. బండి తనను తాను పరీక్షించుకునే అంశాల జాబితా కూడా అందులో ఉంటుంది. వాటిలో చాలావరకు "పూర్తికాలేదు" అని చూపిస్తే, ఎవరో ఈ మధ్యనే కోడ్‌లు తుడిచేశారనో బ్యాటరీ విప్పారనో అర్థం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. వరదలో మునిగిన బండిలో బురద మరక అక్కడ దొరుకుతుంది, ఎందుకంటే సీట్లు కడిగినవాడు బెల్టు లోపలి భాగాన్ని కడగడు. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని. తక్కువ కిలోమీటర్లు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయిన బండిని నమ్మకండి.

ఏ బండి కొనాలంటే, మీరుండబోయే చోట వీధిలో ఎక్కువగా కనబడేదే. విడిభాగాలు దొరుకుతాయి, ఏ మెకానిక్‌కైనా తెలుస్తుంది, కొనేవాడు ఆలోచించడు. చవకగా వచ్చే పాత విలాసవంతమైన కారు వైపు వెళ్ళకండి. దాని ధర పడిపోయింది గానీ దాని విడిభాగాల ధర పడిపోలేదు.

నిదానం:
ఈ చర్చలో ప్రాణం సంగతి రాలేదు. బండి జారినప్పుడు చక్రాలను విడివిడిగా అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ యూరోపియన్ యూనియన్‌లో కొత్త కార్లన్నిటికీ 2014 నవంబరు నుంచి తప్పనిసరి అయింది; అమెరికాలో 2012 మోడల్ నుంచే అయింది. పన్నెండేళ్ళ నాటి బండిలో అది ఉండవచ్చు, లేకపోవచ్చు, కాబట్టి అడిగి తెలుసుకోవాలి. తయారీదారు బండ్లను వెనక్కి పిలిపించి సరిచేస్తానన్న (రీకాల్ చేసిన) లోపం ఏదైనా సరిచేయకుండా మిగిలిందేమో ఛాసిస్ నంబరుతో తప్పక చూడాలి. ఎనిమిది నెలలే కదా అని అరిగిన టైర్లతో నెట్టుకొచ్చే యజమాని ఆ అపాయాన్ని తరువాతివాడికి కూడా అమ్ముతున్నాడు. అది నాకు బొత్తిగా సమ్మతం కాదు.

పద్దులు:
పానా గారి మాటలు విన్నాక నా అభ్యంతరం కొంత తగ్గింది, కానీ తేదీ విషయంలో మాత్రం కాదు. బయలుదేరడానికి ఆరు వారాల ముందే ప్రకటన ఇవ్వండి, ముందుగా అమ్ముడైతే మిగిలిన రోజులకు అద్దె బండి తీసుకోండి. ఆ కొద్ది రోజుల అద్దె చివరి వారపు బేరంలో పోయేదానికన్నా తక్కువే అవుతుంది. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే ఉద్యోగం గడువు చూపండి, తేదీ మాత్రం చెప్పకండి.

బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. నేను అమ్మేటప్పటి ఖర్చులను తక్కువగా అంచనా వేశానని ఒప్పుకుంటున్నాను. నిన్న ఒక కారు చూశాను. ధర ఆకర్షణీయంగానే ఉంది, కానీ స్కానర్‌లో సగం పరీక్షలు "పూర్తికాలేదు" అని కనిపించడంతో వెనుదిరిగాను. ఇకపై మరమ్మతుకు పెట్టిన ప్రతి రసీదునూ, నాకు తెలిసిన ప్రతి లోపాన్నీ ఒక పుస్తకంలో రాసి ఉంచి, కొనేవారికి అదే ముందు చూపిస్తాను. మూడు వారాలు వెతుకుతాను. బెల్టు మార్చిన రసీదు, స్టెబిలిటీ కంట్రోల్ రెండూ ఉన్న బండి ఆలోగా దొరకకపోతే అద్దెకే వెళ్తాను.