బిళ్లగా నొక్కిన లోహ సంక్లిష్టంలో డైపోల్ తిరగగలదా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా బరంపురం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం కాపర్ ఎసిటైల్‌ఎసిటోనేట్‌నీ, వెనడైల్ ఎసిటైల్‌ఎసిటోనేట్‌నీ పోల్చి చూస్తున్నాను; రెండూ లోహ పరమాణువు చుట్టూ సేంద్రియ భాగాలు అతుక్కున్న లోహ సంక్లిష్టాలే. మొదటిదాని అణువు చదునుగా, అటూ ఇటూ ఒకేలా ఉంటుంది కాబట్టి నికర డైపోల్ (ధన, రుణ ఛార్జీలు చెరోవైపు విడివడి ఉండటం) ఉండదు. రెండోదాంట్లో వెనేడియం మీద ఆక్సిజన్ ఒక్కటి నిటారుగా నిలబడుతుంది. చతురస్ర పిరమిడ్ ఆకారం, బలమైన డైపోల్. కాబట్టి దీని డైఎలెక్ట్రిక్ కాన్‌స్టంట్ (విద్యుత్ ఫీల్డ్‌కి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య) స్పష్టంగా ఎక్కువ రావాలి కదా?

పొడిని డైలో (అచ్చులో) నొక్కి, బిళ్లకి రెండువైపులా సిల్వర్ పేస్ట్ పూసి, కెపాసిటెన్స్ చూపే ఎల్‌సీఆర్ మీటర్‌తో కొలుస్తున్నాను. 1 మెగాహెర్ట్జ్ దగ్గర రెండిటికీ పెద్ద తేడా లేదు. 100 హెర్ట్జ్ దగ్గర మాత్రం రెండూ అమాంతం లేస్తున్నాయి, టాన్ డెల్టాతో (శక్తి నష్టాన్ని చెప్పే విలువతో) సహా. అసలే గోపాల్‌పూర్ సముద్రపు గాలి, పైగా వానాకాలం. బిళ్లని ఓవెన్‌లో ఆరబెట్టి వెంటనే కొలిస్తే ఆ విలువ బాగా దిగుతోంది. గది ఉష్ణోగ్రతలో నీటి విలువే 80 దాకా ఉంటుంది, రేణువుల మధ్య కాస్త తేమ చేరినా చాలు. అంటే నేను చూస్తున్నది అణువు నిర్మాణాన్ని కాదేమోనని బెంగగా ఉంది.

స్ఫటికంలో బిగుసుకుపోయిన అణువు ఫీల్డ్‌కి తగ్గట్టు తిరగలేకపోతే, ఆ డైపోల్ ప్రభావం ఎక్కడ కనిపిస్తుంది? బెంజీన్ లాంటి ద్రావణంలో కొలవడమే మేలా? ఎలక్ట్రోడ్ ప్రభావాన్నీ, రేణువుల అంచుల దగ్గర పోగయ్యే ఛార్జినీ కోల్-కోల్ ప్లాట్ (డైఎలెక్ట్రిక్ విలువ నిజ, ఊహా భాగాల్ని ఒకదానికెదురుగా ఒకటి గీసే గ్రాఫ్)‌తో విడదీయొచ్చా? బిళ్లలో మిగిలే ఖాళీలకి దిద్దుబాటు ఎలా చేస్తారు? ఇలాంటి బిళ్లలు స్వయంగా కొలిచిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.