పాథోఫిజియాలజీ: పన్నెండు రోజుల్లో పరీక్ష ఉంటే బట్టీ పట్టడమే దారా?

నర్సింగ్ విద్యార్థిని:
పాథోఫిజియాలజీ, అంటే జబ్బు ఒంట్లో ఎలా పుట్టి ఎలా ముదురుతుందో చెప్పే సబ్జెక్టు. దాని పరీక్షకు పన్నెండు రోజులే ఉన్నాయి. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఎడమ గుండె వైఫల్యం ఫ్లోచార్టును నాలుగుసార్లు రాశాను. మర్నాడు చూడకుండా రాస్తే కుడి గుండె లక్షణాలు అందులో కలిసిపోయాయి. పాత ప్రశ్నపత్రాల్లో పదేపదే వచ్చిన ఇరవై జబ్బులు బట్టీ పడితే చాలని హాస్టల్లో సీనియర్ అక్కలు అంటున్నారు. నిజమేనా?

స్టాఫ్ నర్సు:
అక్కలు చెప్పిందే సరైనది. నిర్వచనం, కారణాలు, ఫ్లోచార్టు, లక్షణాలు, నర్సింగ్ సంరక్షణ అని శీర్షికలు వరుసగా కనిపిస్తే మార్కులు పడతాయి. నేను అలాగే గట్టెక్కాను. అర్థం చేసుకోవడానికి వార్డు ఎలాగూ ఉంది.

ఐసీయూ నర్సు:
నేను ఒప్పుకోను. చెల్లీ, నీకు లక్షణాలు కలిసిపోయింది జ్ఞాపకశక్తి లేక కాదు, రక్తం నడిచే దారి కళ్ల ముందు లేక. కాగితం మీద ఆ దారి గీయి: ఒళ్లంతా తిరిగిన రక్తం కుడి గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, తిరిగి ఎడమ గుండెకు, మళ్లీ ఒంట్లోకి. ఇప్పుడు ఎడమ జఠరిక, అంటే గుండె ఎడమ కింది గది, సరిగా పంపు చేయడం లేదనుకో. కాలువకు అడ్డం పడితే నీరు ఎగువన నిలుస్తుంది కదా! ఇక్కడ ఎగువన ఉన్నవి ఊపిరితిత్తులు. వాటి కేశనాళికల్లో, అంటే అతి సన్నని రక్తనాళాల్లో, ఒత్తిడి పెరిగి ద్రవం గాలి గదుల్లోకి ఊరుతుంది. అందుకే ఆయాసం. పడుకుంటే కాళ్లలోని రక్తం కూడా పైకి చేరి ఆయాసం ఇంకా పెరుగుతుంది, అందుకే ఆ రోగి వీపు వెనక మూడు దిండ్లు పెట్టించుకుని రాత్రంతా కూర్చుంటాడు. అడ్డును కుడివైపుకు జరుపు. మెడ సిరలు ఉబ్బుతాయి, కాలేయం పెరుగుతుంది, పాదాలు వాస్తాయి.

వార్డులో నేర్చుకోవచ్చన్న మాటకు నా అనుభవమే జవాబు. ఉద్యోగంలో చేరిన కొత్తలో డయాబెటిక్ కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లంగా మారే మధుమేహ స్థితి) రోగికి రక్తపరీక్షలో పొటాషియం 4.8 వచ్చింది. మామూలుగానే ఉంది, మరి సెలైన్‌లో పొటాషియం ఎందుకు కలపమన్నారో నాకు తెలియలేదు. కణాల్లోది రక్తంలోకి వచ్చి మూత్రంలో పోతోందని, ఇన్సులిన్ ఇవ్వగానే రక్తంలో మిగిలింది కూడా కణాల్లోకి వెళ్లి గుండె లయ తప్పవచ్చని ఆ రాత్రి సీనియర్ చెబితే చేతులు వణికాయి. అది నా పుస్తకంలో ఉన్నదే, నేను బట్టీ పట్టినదే.

స్టాఫ్ నర్సు:
అక్కా, మీ మాట కాదనను. కానీ ఇరవై జబ్బులకు ఇలా బొమ్మలు గీస్తూ కూర్చుంటే సిలబస్ పూర్తవుతుందా? తప్పితే ఆరు నెలలు పోయేది ఆ అమ్మాయికే.

ట్యూటర్:
ఇరవై కథలు అక్కర్లేదమ్మా. వాపునే తీసుకోండి. ముఖ్యమైన కారణాలు నాలుగు: కేశనాళికల్లో ఒత్తిడి పెరగడం, రక్తంలో అల్బుమిన్ (నీటిని నాళాల్లో పట్టి ఉంచే ప్రోటీన్) తగ్గడం, నాళాల గోడ జల్లెడ కావడం, కణాల మధ్య ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే లింఫ్ దారి మూసుకుపోవడం. గుండె వైఫల్యం, నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు), కాలిన గాయాలు, బోదకాలు వరుసగా వీటి కిందికే వస్తాయి. నిర్వచనాలు, పేర్లు మాత్రం బట్టీ పట్టాల్సిందే, అందులో మొహమాటం లేదు. కారణం నుంచి లక్షణం దాకా ఉన్న గొలుసును ముందు తెలుగులో పక్క మంచం అమ్మాయికి చెప్పి, తర్వాత ఇంగ్లీషు పదాలతో రాయండి.

నర్సింగ్ విద్యార్థిని:
నిన్న రాత్రి చెప్పి చూశాను మేడమ్. గుండె బాగానే వచ్చింది, సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) దగ్గర ఆగిపోయాను. పొట్టలో నీరు చేరేది ఒత్తిడి వల్లా, అల్బుమిన్ తగ్గడం వల్లా?

ట్యూటర్:
రెండూ. గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాగక పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది, అదే కాలేయం అల్బుమిన్‌ను చాలినంత తయారుచేయలేదు. పుస్తకం మూసి రాసి ఇక్కడ పెట్టండి, రాత్రికి చూస్తాను.